పెదనాన్న జీపు, ఇత్తడి ముద్ద: బెల్ హౌసింగ్‌ని ఎందుకు కోశారు?

ఈసారి ఎపిసోడ్ కాస్త గ్రీజు వాసన కొడుతుంది, ముందే చెప్పేస్తున్నా. నా చేతిలో ఉన్న ఈ ఇనుప డొప్ప చూశారా? చదువుతున్నవాళ్ళ కోసం చెప్తాను. గుళ్ళో గంటని అడ్డంగా పడుకోబెడితే ఎలా ఉంటుందో అలా ఉంది. వెడల్పు నోరు ఇంజిన్ వైపు, ఇరుకు వైపు గేర్‌బాక్స్ వైపు. దీన్నే బెల్ హౌసింగ్ అంటారు. ఒక పక్కన పెద్దవాళ్ళ అరచేయంత మేర మచ్చ ఉంది, పసుపు రంగు తిరిగి. మూడు నెలల క్రితం వరకు అక్కడ మచ్చ కాదు, ఒక ఇత్తడి ముద్ద ఉండేది. దాన్ని తీసేసింది నేనే. తీయకూడదని నాకు తెలీదు. ఈ ఎపిసోడ్ ఆ ముద్ద గురించే.

ఈ జీపు మా పెదనాన్నది. మాది కోడూరు దగ్గర, అంటే హంసలదీవి వెళ్ళే దారి. మాఘ పౌర్ణమికి సాగర సంగమంలో స్నానాలకి వెళ్ళినవాళ్ళకి ఆ రోడ్డు తెలుసు. కాకి మునిగి హంసై లేచిందని అక్కడి కథ. నేను బీటెక్ ఈసీఈ, ఐదేళ్ళు హైదరాబాద్‌లో కోడ్ రాశాను. స్పానర్ పట్టుకోవడం నేర్చుకుంది ఉద్యోగం మానేశాకే. కాబట్టి మెకానిక్ అన్నయ్యలు కామెంట్లలో తిట్టే ముందు ఎపిసోడ్ చివరిదాకా రండి, తిట్టాల్సింది అక్కడుంది.

ముందు సంగతి అర్థం కావాలంటే ఒక చిన్న పోలిక. మీ ఫోన్‌కి పౌచ్ కొంటారు. కెమెరా దగ్గర కట్ ఉంటుంది. ఇప్పుడు ఫోన్ మార్చారు, పౌచ్ పాతదే. సైజు సరిపోయింది గానీ కెమెరా జరిగింది. ఏం చేస్తారు? బ్లేడు తీసుకుని పౌచ్‌ని ఓ పక్క కోస్తారు. కారుకీ అంతే. ఇంజిన్ మారిస్తే దాని పొగ గొట్టం వేరే చోట దిగుతుంది. ఆ చోట గేర్‌బాక్స్ డొప్ప అడ్డొస్తే రెండే దారులు: గొట్టాన్ని వంచడం, లేదా డొప్పని కోయడం. తేడా ఒక్కటే. మీ పౌచ్ లోపల నిమిషానికి మూడు వేల సార్లు తిరిగే బరువైన ఇనుప చక్రం ఉండదు.

సరే, జీపు మా దివిసీమకి ఎలా వచ్చింది? రెండో ప్రపంచ యుద్ధంలో విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు రెండూ కలిపి ఆరు లక్షలకి పైగా జీపులు చేశాయి. యుద్ధం అయ్యాక మిలిటరీ మిగులు కింద మన దేశంలో కూడా చాలా అమ్ముడుపోయాయి. 1945లో మొదలైన మహీంద్రా వాళ్ళు 1940ల చివర్లో బొంబాయిలో విల్లీస్ జీపుల్ని విడిభాగాలుగా తెప్పించి బిగించడం మొదలెట్టారు. తర్వాత సీజే-3బీ అనే మోడల్ వచ్చింది. బానెట్ ఎత్తుగా ఉంటుంది, పాత సినిమాల్లో పోలీసు జీపు గుర్తుందా, దాదాపు అదే. బానెట్ ఎందుకు ఎత్తు? లోపలి హరికేన్ ఇంజిన్ పొడుగైంది కాబట్టి. ఇన్‌టేక్ వాల్వులు పైకి హెడ్‌లోకి వెళ్ళాయి, ఎగ్జాస్ట్ వాల్వులు మాత్రం పాత పద్ధతిలోనే పక్కన బ్లాకులో ఉండిపోయాయి. కార్బురేటర్ నెత్తి మీద, పొగ గొట్టం పక్కన. ఈ పక్కన అనేది గుర్తుపెట్టుకోండి.

మా వైపు నేల మీకు తెలుసుగా. వాన పడితే బంకమట్టి చెప్పుని కూడా వదలదు. కాలవ గట్ల మీద ఎడ్లబండి వెళ్ళే చోటికి కారు వెళ్ళేది కాదు. నాలుగు చక్రాలూ లాగే బండి ఉందంటే ఊళ్ళో అందరి పనీ దాని మీదే. పెదనాన్నవాళ్ళ నాన్న, అంటే మా తాతయ్య, ఆ జీపుని సెకండ్ హ్యాండ్‌లో కొన్నది పొలం పనికి, రైసు మిల్లు పనికి. ఊళ్ళో పురిటి నొప్పులొచ్చినా అవనిగడ్డకి అదే బండి.

1977 నవంబర్ 19, శనివారం. దివిసీమ ఉప్పెన. మీలో చాలామందికి ఇది పాఠంలో ఒక పేరా. మా ఇళ్ళల్లో మాత్రం కాలాన్ని లెక్కపెట్టేదే దాంతో: ఉప్పెనకి ముందు, ఉప్పెన తర్వాత. సముద్రం ఐదు మీటర్ల ఎత్తున లోపలికొచ్చింది. అధికారిక లెక్కల్లోనే చనిపోయినవాళ్ళు దాదాపు పదివేలు. ఆ రాత్రి పెదనాన్న మిల్లు డాబా మీద ఉన్నాడు, ఆయనకి అప్పుడు ఇరవై ఆరేళ్ళు. దాని గురించి ఆయన ఎప్పుడూ ఎక్కువ చెప్పడు. నేనూ కెమెరా పెట్టి అడగలేదు, అడగను కూడా. జీపు సంగతి మాత్రం చెప్పాడు. నీళ్ళు తీశాక రెండు పొలాల అవతల, స్టీరింగ్ దాకా బురదలో దొరికిందట. ఎడ్లతో లాగారు.

ఉప్పునీళ్ళు ఇంజిన్‌లోకి వెళ్తే ఏమవుతుందో తెలుసా? వెంటనే విప్పి కడిగి నూనె పట్టిస్తే బతుకుతుంది. కానీ అప్పుడు జీపు గురించి ఆలోచించే తీరిక ఎవరికుంది? మనుషుల్ని వెతుక్కుంటున్నారు. కొన్ని నెలల తర్వాత చూసేసరికి పిస్టన్లు సిలిండర్లకి పట్టేశాయి. ఛాసీ, గేర్‌బాక్స్ బాగుచేస్తే పనికొస్తాయి, ఇంజిన్ మాత్రం పోయింది.

ఇక్కడే ప్రపంచ చరిత్ర మా కోడూరు జీపులోకి వచ్చింది. 1973 అక్టోబర్‌లో అరబ్ దేశాలు చమురు ఆంక్షలు పెట్టాయి. బ్యారెల్ మూడు డాలర్ల దగ్గర ఉన్న ముడిచమురు కొన్ని నెలల్లోనే పన్నెండు డాలర్ల దగ్గరికి ఎగిరింది. పెట్రోలు జీపు ఉన్నవాళ్ళకి దాన్ని కదపాలంటేనే భయం. డీజిల్ చవక, పైగా ట్రాక్టర్ కోసం ఊళ్ళో డ్రమ్ముల్లో ఉండేది. 1960ల నుంచీ ఇంటర్నేషనల్ బీ-275 ట్రాక్టర్లు మన దేశంలో తయారవుతున్నాయి, డీజిల్ ఇంజిన్ విప్పి బిగించే చేతులు ఊరూరా తయారయ్యాయి. 1970ల్లో మహీంద్రా కూడా డీజిల్ జీపు తెచ్చింది. అది కొనలేనివాళ్ళు పాత పెట్రోలు జీపులో డీజిల్ ఇంజిన్ దించేవారు. ఇంజిన్ స్వాప్ అని మనం ఇప్పుడు రీల్స్ చేస్తున్నాం గానీ, వీళ్ళకి అది ఇంటి ఖర్చు తగ్గించుకునే పని.

పెదనాన్న 1979లో జీపుని లారీ మీద వేసుకుని విజయవాడ ఆటోనగర్ తీసుకెళ్ళాడు. ఆటోనగర్ అప్పటికి పదమూడేళ్ళది, 1966లో మొదలైంది. ఊళ్ళో రోడ్ల పక్కన చెట్ల కింద ఉన్న షెడ్లన్నిటికీ ఒకే చోట జాగా. ఒక వీధిలో రేడియేటర్లు, ఒక వీధిలో పట్టీలు, ఇంకో వీధిలో లారీ బాడీలు. నా దృష్టిలో మన తెలుగు ఇంజినీరింగ్ చరిత్ర రాస్తే కాలేజీల కంటే ముందు ఆటోనగర్ నుంచి మొదలెట్టాలి. బీటెక్ చదివినవాడిగానే చెప్తున్నా.

అక్కడ ఒక మేస్త్రి వేరే డీజిల్ ఇంజిన్‌ని ఈ జీపు గేర్‌బాక్స్‌కి కలిపాడు. రెండిటి బోల్టు రంధ్రాలూ కలవవు కాబట్టి మధ్యలో మందపాటి ఇనుప పలక పెట్టి రెండు వరసల రంధ్రాలు వేశాడు. దాన్ని అడాప్టర్ ప్లేట్ అంటారు. బిగించాక తెలిసింది అసలు తంటా. పాత సైలెన్సర్ ఉన్న పక్కనే కొత్త ఇంజిన్ పొగ గొట్టం దిగాలి. దిగాల్సిన చోట బెల్ హౌసింగ్ చెవి, దాని వెనకాల బలానికి పోసిన ఒక పక్కటెముక. అడ్డం. ఇంజిన్ మ్యానిఫోల్డ్ బీడు, అంటే పోత ఇనుము. బీడు వంగదు, వంచితే విరుగుతుంది. వేరే ఆకారంలో కొత్తది పోత పోయించాలంటే ఖర్చు. అందుకని డొప్పని కోశాడు. కోసిన అంచు మీద గీతల్ని బట్టి చూస్తే గ్రైండర్ కాదు, హ్యాక్సా బ్లేడు, తర్వాత ఆకురాయి. ఎంత సేపు కోసి ఉంటాడో.

కోసి ఊరుకోలేదు, అదీ అసలు విషయం. పక్కటెముక పోయింది కాబట్టి ఆ బలం ఇంకెక్కడి నుంచో రావాలి. గొట్టానికి దారి ఇచ్చి, దాని చుట్టూ ఇత్తడి వెల్డింగ్‌తో మందం కట్టాడు. బీడుకి మామూలు వెల్డింగ్ ఎందుకు పెట్టకూడదో సింపుల్‌గా చెప్తాను. బీడులో కార్బన్ ఎక్కువ, రెండున్నర నుంచి నాలుగు శాతం దాకా ఉంటుంది. దాన్ని కరిగించి త్వరగా చల్లారనిస్తే ఆ చోట గాజులా గట్టిపడి, పక్కన పగులుతుంది. ఇత్తడి వెల్డింగ్‌లో బీడు కరగదు. తొమ్మిది వందల డిగ్రీల దగ్గర ఇత్తడి కడ్డీ కరిగి ఎర్రగా కాలిన బీడు మీద అంటుకుంటుంది. బీడు కరగాలంటే పదకొండు వందల యాభై దాటాలి. ముందు డొప్ప మొత్తాన్ని మెల్లగా వేడిచేయాలి, అయ్యాక ఇంకా మెల్లగా చల్లార్చాలి. మెల్లగా చల్లార్చడానికి ఏం వాడారో తెలుసా? ఊక బూడిద. మా మిల్లు ఊక బూడిద. మేస్త్రి అడిగాడని పెదనాన్న మళ్ళీ బస్సెక్కి ఊరికొచ్చి ఒక గోనె సంచి నిండా తీసుకెళ్ళాడట. డొప్పని అందులో పాతిపెట్టి మర్నాడు పొద్దున దాకా ముట్టుకోనివ్వలేదట.

ఇది నాకు ఎప్పుడు తెలిసింది? అంతా పాడుచేశాక.

కాసేపు అమెరికా వెళ్ళొద్దాం. ఈ హెడర్స్ గొడవ అక్కడే పుట్టింది. మామూలు మ్యానిఫోల్డ్‌లో నాలుగు సిలిండర్ల పొగ ఒకే ఇరుకు పెట్టెలోకి తోసుకుంటూ వస్తుంది, సినిమా వదిలినప్పుడు ఒకే గేటు తీసినట్టు. హెడర్ అంటే సిలిండర్‌కో గొట్టం, కొంత దూరం విడివిడిగా వెళ్ళి తర్వాత కలుస్తాయి. ఒకదాని పొగ వెళ్తూ వెళ్తూ వెనకదాన్ని లాగుతుంది. యుద్ధం నుంచి తిరిగొచ్చిన కుర్రాళ్ళు పాత ఫోర్డులకి ఇవి పెట్టి రేసులు పెట్టుకున్నారు. 1951లో వాళ్ళ రేసులకి ఒక పద్ధతి ఉండాలని ఎన్‌హెచ్‌ఆర్‌ఏ పెట్టారు. కానీ గొట్టాలు ఎక్కువైతే చోటు తక్కువవుతుంది. చిన్న కారులో పెద్ద ఇంజిన్, దాని పక్కన లావు గొట్టాలు, అవి దిగే చోట గేర్‌బాక్స్ చెవులు. అందుకని కోసేవారు, ఇప్పటికీ కోస్తారు.

అన్ని కోతలూ తప్పు కాదు. జనరల్ మోటార్స్ 1980ల్లో 200-4ఆర్ అని ఒక ఆటోమేటిక్ గేర్‌బాక్స్ చేసింది. అది షెవర్లే ఇంజిన్‌కీ పట్టాలి, బ్యూక్, పాంటియాక్ ఇంజిన్లకీ పట్టాలి. అందుకని డొప్ప మీద రెండు రకాల రంధ్రాలూ పోతలోనే పెట్టారు. ఏ ఇంజిన్ పెట్టినా కొన్ని చెవులు ఖాళీగా మిగులుతాయి. హెడర్‌కి అడ్డొస్తే ఆ ఖాళీ చెవిని నున్నగా కోసేస్తారు, నష్టం లేదు. బోల్టు పట్టిన చెవినో, పక్కటెముకనో కోస్తే లెక్క వేరు. నేను ఈ వీడియోలన్నీ చూశాను. చూసి నేర్చుకున్నది సగమే. కోయొచ్చు అన్నది బుర్రకెక్కింది, ఏది కోయొచ్చు అన్నది ఎక్కలేదు.

నా ప్లాన్ ఏంటంటే జీపుని మళ్ళీ పెట్రోలుకి మార్చడం. పాత సామాన్ల మార్కెట్‌లో ఒక హరికేన్ ఇంజిన్ దొరికింది. పనిలో పనిగా ఒక ఫ్యాబ్రికేటర్ చేత స్టీలు హెడర్ కూడా చేయించాను, ఎందుకంటే థంబ్‌నెయిల్‌లో బాగుంటుంది. నిజం చెప్తున్నా, వేరే కారణం లేదు. చిన్న సంగతి, ఇంజిన్ మారిస్తే ఆర్‌సీలో మార్పించాలి, మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 చూసుకోండి. పెట్రోలుకి మారుతుంటే ఇంధనం కూడా మారుతుంది, ఆ కాగితాల పని నాది ఇంకా నడుస్తోంది.

అడాప్టర్ ప్లేట్ తీసేసి ఇంజిన్ పెట్టి చూస్తే మూడో గొట్టం ఇత్తడి ముద్దకి తగులుతోంది. ఒక ఎనిమిది మిల్లీమీటర్లు అంతే. ముద్ద చూస్తే గ్రీజు, మట్టి పట్టి ఎవరో పాత వెల్డింగ్ చేసి వదిలేసిన చెత్తలా ఉంది. పనితనం లేదనుకున్నాను. గ్రైండర్ తీసుకున్నాను. ఇరవై నిమిషాలు. కెమెరా కూడా ఆన్‌లోనే ఉంది, మీకు క్లిప్ చూపిస్తున్నా చూడండి, నేను పాట కూడా పాడుకుంటున్నాను.

తర్వాత డొప్పని గుడివాడలో ఒక లేత్ మేస్త్రి దగ్గరికి తీసుకెళ్ళాను, ముఖం చదును చేయించడానికి. అక్కడ మిల్లుల పని ఎక్కువ కాబట్టి పాత బీడు చూసిన కళ్ళు ఉంటాయని ఎవరో చెప్పారు. ఆయన డొప్పని తిప్పి చూసి అడిగిన మొదటి మాట: "ఇత్తడి ఎందుకు తీశావు బాబూ?"

"అడ్డొచ్చిందండి."

"గొట్టం అడ్డొచ్చిందా, ఇత్తడి అడ్డొచ్చిందా?"

నేను జవాబు చెప్పలేదు. ఆయన కిరోసిన్‌లో గుడ్డ ముంచి ఆ చోట తుడిచి, ఆరనిచ్చి, సుద్ద పొడి చల్లాడు. పది నిమిషాలకి తెల్లటి పొడి మీద వెంట్రుకంత సన్నటి తడి గీత పైకి లేచింది. బోల్టు రంధ్రం నుంచి కోసిన అంచు దాకా. పగులు. అది ఎన్నేళ్ళదో, కానీ ఇన్నాళ్ళూ దాన్ని పట్టుకుని ఉన్నది ఆ ముద్ద.

అప్పుడు నాకు డాన్ గార్లిట్స్ గుర్తొచ్చాడు. అమెరికాలో డ్రాగ్ రేసులకి పెద్ద పేరు. అప్పట్లో ఆ కార్లలో ఇంజిన్ ముందు, డ్రైవర్ వెనక, గేర్‌బాక్స్ కాళ్ళ మధ్యలో. 1970 మార్చి 8న కాలిఫోర్నియాలో లయన్స్ ట్రాక్ మీద స్టార్ట్ లైన్ దగ్గరే ఆయన గేర్‌బాక్స్ పేలింది. కారు రెండు ముక్కలైంది, కుడి పాదంలో కొంత భాగం తెగిపోయింది. ఆసుపత్రి మంచం మీదే ఇంజిన్‌ని వెనక్కి పెట్టాలని ఆలోచించాడు, 1971లో ఆ కారుతోనే గెలిచాడు. ఆ తర్వాత డ్రాగ్‌స్టర్లన్నీ అలాగే మారిపోయాయి. అంతకు ముందు నుంచే క్లచ్, ఫ్లైవీల్ ముక్కలు డొప్ప చీల్చుకుని వచ్చి మనుషులకి తగిలిన సంఘటనల వల్ల రేసు కార్లకి ఉక్కు కవచం పెట్టడం వచ్చింది. మన జీపు రేసు కారు కాదు, అంత వేగం లేదు, పేలేది కాదేమో. కానీ జీపులో కూర్చుంటే మీ పాదాల పక్కనే ఉంటుంది ఈ డొప్ప. ముందు సీట్లో ఎవరు కూర్చుంటారని ప్లాన్ వేశానో తెలుసా? పెదనాన్న.

ఆయనకి చెప్పడానికి రెండు రోజులు ఆగాను. చెప్పాక కోప్పడలేదు. "అది తీసేశావా?" అన్నాడు, అంతే. కాసేపయ్యాక ఊక బూడిద సంగతి, బస్సు సంగతి అప్పుడు చెప్పాడు, మొదటిసారి. ఉప్పెన తర్వాత ఆ ఇంట్లో బాగుపడి తిరిగొచ్చిన మొదటి వస్తువు ఆ జీపట. నాన్నమ్మ హారతి ఇచ్చిందట.

వేరే డొప్ప కొనేయొచ్చు. కొంతమంది సబ్‌స్క్రైబర్స్ అదే అన్నారు, సేఫ్టీ ముందు అని. వాళ్ళది తప్పు కాదు. మేస్త్రిని అడిగాను. ఆయన "పగులు చివర చిన్న రంధ్రం వేసి ఆపొచ్చు, ఇత్తడి మళ్ళీ కట్టొచ్చు, కానీ ముఖం వంకరపోతే పారేయాల్సిందే" అన్నాడు. ఆ వంకర ఎందుకంత ముఖ్యమంటే, ఇంజిన్ క్రాంక్ మధ్య గీత, గేర్‌బాక్స్ షాఫ్ట్ మధ్య గీత ఒకే వరసలో ఉండాలి. అంగుళంలో వెయ్యో వంతులు ఐదు, అంటే మిల్లీమీటర్‌లో ఎనిమిదో వంతు. అంతకంటే తప్పితే క్లచ్ అరుగుతుంది, బేరింగ్ అరుస్తుంది, గేరు తన్నేస్తుంది.

డయల్ గేజ్ బందరులో ఒక రిటైర్డ్ టర్నర్ గారి దగ్గర దొరికింది. బందరంటే మనకి లడ్డూ, కలంకారీ, చిలకలపూడి రోల్డు గోల్డు గుర్తొస్తాయి గానీ, 1926 నుంచీ అక్కడ ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీ కొలత పరికరాలు చేసింది, 1983లో దాన్ని బెల్ తీసుకుంది. వెంట్రుకవాసి కొలవడం ఆ ఊరికి కొత్త కాదు.

ఊక బూడిద ఈసారి నేను తెచ్చాను. మా మిల్లు ఎప్పుడో మూతపడింది, కాబట్టి పక్క ఊరి మిల్లు నుంచి. మేస్త్రి బొగ్గుల కుంపటి మీద డొప్పని రెండు గంటలు కాచాడు. రంధ్రం వేసి పగులుని ఆపాడు. ఇత్తడి కట్టాడు, పాత ముద్ద ఉన్న చోటే, దాదాపు అంతే ఎత్తు. ఏం ఆకారంలో కట్టాలో ఎలా తెలుసని అడిగితే, పాత ఇత్తడి అంచు ఇంకా అంటుకుని ఉంది కదా, దాన్ని చూసి కట్టానన్నాడు. పేరు తెలీని ఆటోనగర్ మేస్త్రి గీసిన డ్రాయింగ్ అన్నమాట అది. రాత్రంతా బూడిదలో. మర్నాడు గేజ్ పెట్టి క్రాంక్‌ని చేత్తో తిప్పాం. ఒక్కో గీత మిల్లీమీటర్‌లో నూరో వంతు. మొదటిసారి ముల్లు పంతొమ్మిది గీతలు ఊగింది. నా గుండె ఆగింది. బోల్టులు వదులు చేసి, జరిపి, మళ్ళీ బిగించి చూస్తే పదిహేను. ముఖం మీద ఒక చోట ఇత్తడి చుక్క పడి ఉంది, దాన్ని ఆకురాయితో గీకి మళ్ళీ పెడితే తొమ్మిది. మేస్త్రి గారు టీ తెప్పించారు.

ఇక హెడర్. మూడో గొట్టాన్ని కోయించి, వంపు మార్పించాను. ఫ్యాబ్రికేటర్ రెండు వేల రెండు వందలు తీసుకున్నాడు. అంటే మొదటే ఆ రెండు వేల రెండు వందలు పెట్టి ఉంటే ఈ ఎపిసోడే లేదు. ఇప్పుడు గొట్టానికీ ఇత్తడికీ మధ్య బొటనవేలు పడుతుంది. ఆగి ఉన్నప్పుడు ఖాళీ చాలదు అండి, ఇంజిన్ రబ్బరు మౌంట్ల మీద ఊగుతుంది. అందుకని మధ్యలో మైనం ముద్ద పెట్టి ఇంజిన్‌ని గడకర్రతో అటూ ఇటూ ఎత్తి చూశాం, మైనం ఎంత నలిగిందో కొలిచాం. స్టీలు హెడర్ నీలం రంగు తిరిగేంత వేడెక్కుతుంది, పక్కన క్లచ్ ఫోర్క్ రబ్బరు ఉంది, దానికి ఒక రేకు అడ్డం పెట్టాను.

పెదనాన్న నిన్న షెడ్డుకి వచ్చాడు. కుర్చీ వేసుకుని కూర్చుని, కొత్త ఇత్తడి మీద వేలు పెట్టి రాశాడు. "నున్నగా చేయించకు, ఇలాగే ఉంచు" అన్నాడు. అలాగే ఉంచాం, రంగు కూడా వేయలేదు. ఆదివారం ఇంజిన్ దించుతున్నాం. స్టార్ట్ అయితే హంసలదీవి దాకా వెళ్ళాలని ఆయన కోరిక, స్టార్ట్ కాకపోయినా వీడియో పెడతాను.